మిరప గోతాల మీద కట్టిన ఆర్చి

మా ఐటీఐలో ఏ సభ జరిగినా, మైకు చేతికొచ్చినవాళ్లు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. తాపీ ట్రేడులో చదువుతున్న కూతుర్ని మాన్పించి తీసుకుపోదామని ఒక మిరప రైతు వచ్చాడట. నేను ఆయన్ని చెట్టు కింద కూర్చోబెట్టి, నిర్మాణ రంగంలో పిల్లలకున్న అవకాశాల గురించి గంటసేపు చెప్పానట. ఆయన కళ్లు తెరుచుకున్నాయట. చేతులు జోడించి, "మీరు చెప్పాక తెలిసొచ్చింది మేడం గారూ" అన్నాడట. ఈ మధ్య నా వీడ్కోలు సభలో కూడా ప్రిన్సిపాల్ గారు ఈ కథే చెప్పి, నాకు శాలువా కప్పారు.

అందులో నిజమైంది శాలువా ఒక్కటే.

మా యార్డులో, అంటే పిల్లలు పని నేర్చుకునే ఆవరణలో, చెట్టనేదే లేదు. ఆ రైతుతో నేను మాట్లాడినవి పట్టుమని పది వాక్యాలు ఉండవు, అందులోనూ సగం అరుపులు. నా ఉపన్యాసం విని మనసు మార్చుకున్న మనిషిని నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం చూడలేదు. ఇంట్లో అసలే చూడలేదు. యాభై దాటగానే స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, ఇప్పుడు నన్ను కాదనే ప్రిన్సిపాల్ ఎవరూ లేరు. పదో, ఇంటరో చదువుతూ రేపేం చెయ్యాలా అని ఆలోచించే మీలాంటి పిల్లల కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. చేసింది తాపీ ట్రేడు ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. గుంటూరు నుంచి ఒంగోలు పోయే దారిలో, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో మా ఐటీఐ. ఎండలు ముదిరాయంటే సీట్లు నింపుకోవడానికి మేం హైస్కూళ్ల చుట్టూ తిరగాలి. ఏ బడికెళ్లినా ఒకటే తంతు. "ఇంజనీర్లు ఎవరవుతారు?" అంటే గది నిండా చేతులు. "మేస్త్రీలు ఎవరవుతారు?" అంటే చేతులన్నీ దిగి, నవ్వులు లేస్తాయి.

ఒక బడిలో వెనక బెంచీ వాడు నిలబడి, "మేస్త్రీ పనికి చదువెందుకు మేడం? మా మావయ్య చదవకుండానే చేస్తన్నాడుగా" అన్నాడు.

"మీ మావయ్యకి ప్లాను చూసి అర్థం చేసుకోవడం వచ్చా?"

"రాదు. ఇంజనీరు చెప్తాడు."

"ఇంజనీరు రాకపోతే?"

"ఆ రోజు మా మావయ్య పేకాట మేడం."

ఆ వాదనలో వాడే గెలిచాడని మొత్తం క్లాసు అనుకుంది. అయినా వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. పది పాసైతే తాపీ, ప్లంబింగు, కరెంటు పని, సర్వే, ఏ ట్రేడులోనైనా చేరవచ్చు. అది అయ్యాక ఏదైనా పెద్ద పనిలో అప్రెంటిస్‌గా చేరవచ్చు. ఇంకా చదవాలనుంటే పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. దారి ఉంది. చేతిలో తాపీ పట్టుకుని మొదలుపెట్టినా ఇంజనీరు దాకా వెళ్లవచ్చు. ఇదే మాట మీ ఇంట్లో చెప్పి చూడండి, ఎవరూ వినరు. నేను అలవాటుపడ్డాను, మీరూ పడతారు.

ఆ ఏడు ఒక అమ్మాయి తోడెవరూ లేకుండా వచ్చి తాపీ ట్రేడు కావాలంది. మిరప రైతు కూతురు. మార్కులు బాగున్నాయి. "డ్రాఫ్ట్స్‌మన్ సీటు ఖాళీగా ఉందమ్మా, తీసుకో. ఫ్యాను కింద కూర్చుని ప్లాన్లు గీసుకోవచ్చు" అన్నాను.

"గీస్తే వాన ఆగదుగా మేడం" అంది.

అంతకుముందు ఏడాది కల్లంలో ఆరబోసిన కాయ అకాల వానకి తడిసి నల్లబడిందట. కప్పుకోవడానికి పట్టాలు చాల్లేదు, చేర్చుకోవడానికి షెడ్డు లేదు. "ఎవరో వచ్చి కట్టాలని మా ఊరంతా ఎదురుచూస్తది మేడం. ఆ వచ్చేవాళ్లెవరో నేనే అవుదామని" అంది. చేర్చుకున్నాను. ఇంట్లో మాత్రం కంప్యూటర్లో బొమ్మలు గీసే కోర్సు అని చెప్పిందని నాకు చాలా కాలం దాకా తెలియదు.

మాకు పని నేర్పడానికి ఒక మేస్త్రీ ఉండేవాడు. ముస్లిం పెద్దాయన, పెదకాకాని దగ్గర ఊరు, తాతల నాటి నుంచీ తాపీ పనే. వినయం ఆయన వీధి మొగలో కూడా కనిపించదు. "గుంటూరులో వంకర లేని గోడ కనపడిందనుకో మేడం, అది మా ఇంటోళ్లు కట్టింది" అనేవాడు. "మరి వంకరవి?" అంటే, "ఇంజనీర్లు దగ్గరుండి కట్టించినయ్యి" అనేవాడు. మా ఇద్దరికీ పడేది కాదు. పడకుండానే ఏళ్ల తరబడి కలిసి పనిచేశాం. ఆయన లేని రోజు నాకు యార్డు బోసిపోయినట్టుండేది. ఈ మాట ఆయనకి చెప్పకండి.

ఆర్చి కట్టడం గురించి మీకు కొద్దిగా చెప్పాలి. కింద వంపు తిరిగిన చెక్క అచ్చు ఒకటి నిలబెడతారు. దాని మీద రెండు వైపుల నుంచీ ఇటుకలు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి ఇటుక బిగిస్తారు. సిమెంటు గట్టిపడ్డాక అచ్చు తీసేస్తారు. అప్పుడు ఆర్చి దానంతట అది నిలబడాలి. అచ్చుని ఒక్కసారిగా లాగకూడదు, కట్టడం అదురుతుంది. అందుకని అచ్చు కాళ్ల కింద ఏటవాలు చెక్కముక్కలు పెట్టి, దించేటప్పుడు వాటిని కొంచెం కొంచెంగా తట్టి జరుపుతారు. మీకు తెలియాల్సింది ఇంతే.

మేస్త్రీ గారింట్లో దీనికొక ఆచారం ఉంది. అచ్చు దించే వేళ, కట్టినవాళ్లు ఆర్చి కిందే నిలబడాలి.

"మా తాత నిలబడ్డాడు, మా నాయన నిలబడ్డాడు, నేనూ నిలబడ్డా" అనేవాడు.

"మీ తాతకి హెల్మెట్ ఉందా?"

"నమ్మకం ఉంది మేడం."

"నమ్మకం నెత్తిన పెట్టుకుంటే ఇటుక ఆగదండీ."

ప్రతి బ్యాచిలోనూ ఈ గొడవే. ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని, ఎందుకంటే మా యార్డులో పిల్లలు కట్టేవి మోకాలెత్తు ఆర్చీలు. వాటి కింద నిలబడాలంటే పిల్లి అయ్యుండాలి. మార్కులు వేశాక వాటిని కూల్చి, ఇటుకలు గీకి, తర్వాతి బ్యాచికి దాచేవాళ్లం. ఆ ఏడు మాత్రం యార్డుకి నిజమైన ముఖద్వారం కట్టుకోవడానికి అనుమతి వచ్చింది. రెండు స్తంభాలు, వాటి మీద ఒక ఆర్చి, ట్రాక్టరు దూరేంత వెడల్పు. ఆ పని ఈ అమ్మాయి జట్టుకి పడింది.

స్తంభాలు లేచాయి. అంతలో మేస్త్రీ గారు చుట్టాల పెళ్లికి సింగరాయకొండ వెళ్లాడు, నేను బడుల చుట్టూ తిరగడానికి వెళ్లాను. వడ్రంగి అచ్చు పంపాడు గానీ కింద పెట్టే చెక్కముక్కలు పంపలేదు. మేం వచ్చేదాకా ఆగండని చెప్పే వెళ్లాం. ఆగితే ఈ కథ లేదు.

మేం తిరిగొచ్చేసరికి నడినెత్తి ఇటుకతో సహా ఆర్చి మొత్తం తయారుగా ఉంది. అచ్చు నాలుగు కాళ్లూ నాలుగు గోతాల మీద నిలబడి ఉన్నాయి. మిరపకాయ తొక్కే గోతాలు, ఇంటి నుంచి తెచ్చినవి. వాటి నిండా ఇసుక కూరి, మూతులు కుట్టి, జట్టంతా ఎక్కి తొక్కి గట్టిపరిచారట.

మేస్త్రీ గారు నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు. "ఏందమ్మాయ్ ఇదీ? ద్వారం కట్టమంటే మిర్చి యార్డు పెట్టావే?"

"కదల్లేదు మేస్త్రీ గారూ. గట్టిగా తొక్కాం."

"కదలకపోతే సరే, దించేదెట్టా? గోతాం కింద సుత్తి పెట్టి కొడతావా?"

"మూల కోస్తే ఇసక కారుద్దిగా. కారే కొద్దీ అచ్చు దిగుద్ది. కాయ గోతాన్ని కొడవలితో మూల కోసి పోసేటప్పుడు మీరు చూళ్లేదా?"

"నేను చూసిన గోతాల మీద ఎవరూ ఇల్లు కట్టలేదమ్మా!"

ఆయన మొత్తం కూల్చేద్దామన్నాడు. నేను జాకీలు తెప్పించి అచ్చుని పట్టి దించుదామన్నాను. ఆ అమ్మాయి గోతాం మూల కోద్దామంది. ముగ్గురం ఎవరి మాట మీద వాళ్లం ఉండగానే సిమెంటు గట్టిపడింది. జాకీలు మాత్రం రాలేదు.

ఈలోపు అడ్మిషన్ల కరపత్రం మీద నేను ఆ అమ్మాయి ఫొటో వేయించాను. తలకి హెల్మెట్, చేతిలో తాపీ, వెనక ఇటుకల వరస. అది ఫోన్ల మీద తిరిగి తిరిగి వాళ్ల ఊరి గ్రూపులోకి చేరింది. ఫొటో వేయించిన విషయంలో నేను ఇప్పటికీ వెనక్కి తగ్గను, బ్రహ్మాండమైన ఫొటో అది.

మర్నాడే వాళ్ల నాన్న మోటారు సైకిలు మీద వచ్చాడు. బండి యార్డు దాకా తోలుకొచ్చి ఆపి, మమ్మల్నెవర్నీ పలకరించకుండా కూతురి చేతుల వంక చూశాడు. సిమెంటుకి వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి.

"కంప్యూటరన్నావు. ఇదా కంప్యూటరు?"

అమ్మాయి తల వంచుకుంది.

"ఎండలో ఎండింది మేం చాలదా? నువ్వన్నా ఫ్యాను కింద కూర్చుంటావని గదా పంపింది. మేడం గారూ, టీసీ ఇచ్చెయ్యండి. డిగ్రీలో చేర్పిస్తా."

ఇదిగో, ఇక్కడే నా సుప్రసిద్ధ ఉపన్యాసం మొదలైంది. ట్రేడు అన్నాను, అప్రెంటిస్ అన్నాను, పాలిటెక్నిక్ గుమ్మం దాకా వచ్చాను. ఆయన ఓపిగ్గా విని, "మీ పిల్లోణ్ణి ఏం చదివిస్తన్నారు మేడం గారూ?" అన్నాడు.

మా వాడు కంప్యూటర్ సైన్సు. ప్రశ్న న్యాయమైనదే, అడిగిన సమయమే అన్యాయం. నా ఉపన్యాసం అక్కడితో ముగిసింది. సభల్లో చెప్పే గంటలో మిగతా భాగం ఎక్కడి నుంచి వచ్చిందో ప్రిన్సిపాల్ గారికే తెలియాలి.

అప్పుడు ఆ అమ్మాయి తలెత్తింది. "టీసీ తీసుకుపోదాం నాన్నా. ఈ అచ్చు దించి వస్తా, అంతే. నేను కట్టింది నిలబడుద్దో లేదో చూడకుండా రాను."

"పడిపోతేనో?"

"పడిపోతే నువ్వు చెప్పినట్టే."

నిలబడితే ఏమిటో ఆయన అడగలేదు, ఆ అమ్మాయీ చెప్పలేదు. కానీ యార్డులో ఉన్న అందరికీ అర్థమైంది. జట్టు పిల్లలు పని ఆపి దగ్గరికి వచ్చారు. ప్రిన్సిపాల్ గారు కూడా గదిలోంచి బయటికొచ్చారు.

మేస్త్రీ గారు ఆకాశం వంక చూశాడు. పొద్దుటి నుంచీ మబ్బు కమ్ముకునే ఉంది. "వాన పడిందంటే గోతాల్లో ఇసక తడిసి గడ్డ కడతది. ఇక కోసినా కారదు. దించేదుంటే ఇప్పుడే" అన్నాడు. కూల్చెయ్యమన్న మనిషి ఎప్పుడు జట్టు మారాడో నాకు తెలియదు.

నేను తాడు కట్టించి అందర్నీ దూరం జరిపాను. గోతాల్ని పక్క నుంచి చెయ్యి పెట్టి కొయ్యాలి, కిందకి ఎవరూ వెళ్లకూడదు అన్నాను.

"కట్టినోళ్లు కింద నిలబడాల మేడం" అన్నాడు మేస్త్రీ గారు.

"ఇవాళ మీ తాతగార్ని మధ్యలోకి తేకండి!"

"నేను నిలబడతా మేడం" అంది అమ్మాయి.

"నేనుండగా నిలబడవు. నోరుమూసుకుని కొడవలి పట్టుకో."

"ఏంది సాయిబు గారూ? ఎవరు నిలబడాల?" అన్నాడు రైతు.

"కట్టినోళ్లు. అచ్చు దిగేటప్పుడు కింద నిలబడాల. మా ఇంటి ఆచారం."

ఆయన భుజం మీది కండువా తీసి దులిపి, మళ్లీ వేసుకుని, తాడు కింద నుంచి వంగి దూరి, నడుచుకుంటూ వెళ్లి ఆర్చి కింద నడిమధ్యన, అచ్చు కాళ్ల నడుమ నిలబడ్డాడు.

మేస్త్రీ గారు బిత్తరపోయాడు. "నువ్వెందుకయ్యా రైతు గారూ? నువ్వు కట్టలేదుగా!"

"కట్టినదాన్ని కన్నోణ్ణి."

మేస్త్రీ గారు ఇంకో కొడవలి తీసుకుని గోతాల దగ్గరికి నడిచాడు. నేను మాత్రం అరుస్తూనే ఉన్నాను. బయటికి రండి, ఇది ప్రభుత్వ సంస్థ, ఇక్కడ నిబంధనలున్నాయి, నేను బాధ్యురాలిని... ఆయన కదల్లేదు. చివరికి నేనే లోపలికి పరుగెత్తి, నా హెల్మెట్ తీసి ఆయన నెత్తిన పెట్టి, బయటికి పరుగెత్తుకొచ్చాను. ఆ రోజు ఆ రైతుకి నేను చేసిన హితబోధ మొత్తం అదే.

"నాన్నా, బయటికి రా" అంది అమ్మాయి. కొడవలి దించేసింది.

"కొయ్యి."

"నాన్నా..."

"కొయ్యమన్నాగా."

అటు గోతాల దగ్గర మేస్త్రీ గారు, ఇటు గోతాల దగ్గర అమ్మాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మూలలు కోశారు. ఇసుక సన్నటి ధారగా కారడం మొదలుపెట్టింది. దానితో పాటు ఇంకొకటి కూడా లేచింది. గోతాలు దులపకుండా తెచ్చారు, కడగడం మాట దేవుడెరుగు. ఎన్ని పంటల కారమో, ఇసుకతో కలిసి పొగలా లేచింది. మేస్త్రీ గారు ఫెడీల్మని తుమ్మాడు. ప్రిన్సిపాల్ గారు తుమ్మారు. జట్టు మొత్తం తుమ్మింది. నేను కళ్లు మండుతూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఈ తుమ్ములకే ఆర్చి కూలుతుందేమోనని హడలిపోయాను. తుమ్మనివాళ్లు ఇద్దరే. పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులోనే బతికిన తండ్రీ కూతుళ్లు.

అచ్చు దిగడం మొదలైంది. పడుకోబోయే గేదె మోకాళ్లు వంచినంత నిదానంగా దిగింది. చెక్క ఒకసారి కిర్రుమంది. తర్వాత అదీ లేదు. ఇసుక కారుతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది. ఎప్పుడో మా తుమ్ములు కూడా ఆగిపోయాయి.

అప్పుడు నడినెత్తి ఇటుకకీ చెక్కకీ మధ్య వెలుతురు కనిపించింది. మొదట దారమంత. నా కళ్లు మండుతుండటం వల్ల అలా కనిపిస్తోందేమో అనుకున్నాను. తర్వాత వేలెడంత. తర్వాత ఆ సందులోంచి అవతలి పత్తి చేను కనిపించింది, ఏరగా మిగిలిన దూది తెల్లగా, గాలికి కదులుతూ. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఇటుకల కింద ఏమీ లేదు. అన్ని మణుగుల బరువూ గాలిలో నిలబడి ఉంది.

ఎన్ని బ్యాచిలకి నేను బోర్డు మీద ఆర్చి బొమ్మ వేసి, బరువు ఇటు నుంచి ఇటు పోతుందని బాణం గుర్తులు గీశానో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటిది, ఆ సందు చూసిన క్షణంలో నాకు ఒళ్లంతా జలదరించింది. అప్పటిదాకా నేను చెప్పిందంతా కాగితం మీద సంగతి. ఇప్పుడు దాని కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, పైకి చూస్తున్నాడు. నా హెల్మెట్ వెనక్కి జారి పడబోతుంటే ఒక చేత్తో పట్టుకున్నాడు. చూపు మాత్రం తిప్పలేదు.

"యా అల్లా" అన్నాడు మేస్త్రీ గారు మెల్లగా. ఆ గొంతులో అంత మెల్లని మాట ఉందని నాకు తెలియదు. వెంటనే తేరుకుని, "ఇది మా తాతక్కూడా తోచలేదు మేడం. తోచుంటే ఈ పాటికి మా ఇంటి విద్య అయ్యుండేది" అన్నాడు.

అమ్మాయి కొడవలి కింద పడేసి లోపలికి వెళ్లింది. నేను ఆపలేదు. ఆపాలని కూడా గుర్తురాలేదు.

"ఎందుకు పడలేదే?" అన్నాడు తండ్రి, పైకి చూస్తూనే.

"ప్రతి ఇటుకా పడదామనే చూస్తది నాన్నా. పక్కది పోనియ్యదు."

ఆయన స్తంభం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉంచాడు. జ్వరం ఉందేమోనని పిల్లల నుదురు చూస్తామే, అలా. తర్వాత బయటికొచ్చి, "మీ టోపీ" అని హెల్మెట్ నా చేతిలో పెట్టాడు. టీసీ మాట ఎత్తలేదు. బండి స్టార్ట్ చేసి, కూతురితో, "ఆ గోతాలు కుట్టి ఇంటికి పట్టుకురా. అడక్కుండా తెచ్చావు" అని వెళ్లిపోయాడు.

అంతే జరిగింది. చెట్టు లేదు, గంట లేదు, జోడించిన చేతులు లేవు.

ఆ అమ్మాయి ట్రేడు పూర్తి చేసింది, అప్రెంటిస్ చేసింది, పాలిటెక్నిక్ కూడా చదివింది. ఇప్పుడు తుళ్లూరు వైపు ఒక పెద్ద కట్టడంలో తాపీ పని మొత్తం తన చేతి కింద జరుగుతోంది. మీసాలున్న మేస్త్రీలు "మేడం గారూ, ఈ వరస చూస్తారా" అని పిలుస్తుంటే నేను వెళ్లి స్వయంగా విన్నాను. విని, కొంచెం ఎక్కువసేపే అక్కడ నిలబడ్డాను.

ఆ రోజు సంగతి మీద మాత్రం నాకూ మేస్త్రీ గారికీ ఇప్పటికీ తగువే. ఫోన్ చేసినప్పుడల్లా చివరికి అక్కడికే వస్తాం. కూతురి పని మీద అంత నమ్మకం లేకపోతే ఏ తండ్రీ అలా వెళ్లి నిలబడడని ఆయన వాదన. అమ్మాయి కింద నిలబడతానంటోంది, నేను కాదంటున్నాను, ఎవరి మాట చెల్లుతుందో తెలియదు, అందుకని ముందే వెళ్లి ఆ చోటు తను ఆక్రమించుకున్నాడని నా వాదన. అమ్మాయిని అడిగితే, "నేనూ అడగలేదు మేడం. భయమేసింది" అంది.

పోయిన సీజన్లో గుంటూరు మిర్చి యార్డు బయట టీ బండి దగ్గర ఆ రైతే ఎదురుపడ్డాడు. నేను ఊరుకుంటానా? నిలేశాను. అసలు మీరెందుకు వెళ్లి నిలబడ్డారండీ అన్నాను.

"ఎండగా ఉంది మేడం గారూ. నీడ కనపడితే వెళ్లా" అన్నాడు, టీ ఊదుకుంటూ.

"ఆ రోజు మబ్బు!" అన్నాను.

ఆయన నవ్వి, నాకూ ఒక టీ చెప్పాడు గానీ ఇంకో మాట చెప్పలేదు.

మీరు చెప్పండి పిల్లలూ, నేనూ మేస్త్రీ గారూ తేల్చుకోలేకపోతున్నాం. ఆ మనిషి తన కూతురు కట్టింది పడదని నమ్మి వెళ్లాడా, లేక అది పడుతుందనే వెళ్లాడా?